సున్నా, సున్నా

అక్షాంశం సున్నా. రేఖాంశం సున్నా.
మా తీరానికి దక్షిణంగా
పడవలో రెండు పగళ్ళు, రెండు రాత్రులు పోతే
భూగోళం మీది ఆ రెండు గీతలూ
ఒకదాన్నొకటి దాటుకునే చోటు వస్తుంది.
నీళ్ళు తప్ప అక్కడేమీ లేవు.

నా కంప్యూటర్ తెర మీద మాత్రం
అదొక జాతర.
నార్వే రెయిన్‌డీర్లు పన్నెండు,
ఎక్కడిదో ఎడారి బల్లి,
పేరు సగం చెరిగిన సీతాకోకచిలుక ఒకటి.
ఎక్కడ దొరికిందో రాయడం మరిచిన ప్రతి ప్రాణినీ
యంత్రం తెచ్చి మా సముద్రంలోనే పడేస్తుంది.
ఊరూ పేరూ లేనివాళ్ళకు
గినీ సింధుశాఖే దిక్కు.

"మనవాళ్ళ వలల్లో ఒక్క జింకా పడలేదేం?"
అంటాడు ఎలికెమ్, జనరేటర్‌లో డీజిల్ పోస్తూ.

కేటాలో, ఉప్పుసరస్సు ఒడ్డున, మాదొక గది.
చెదలు దయతో వదిలిన బీరువా,
అట్టపెట్టెల్లో పాత లేబుళ్ళు.
వాటిని చదవడం నా పని.
ఒకే ఊరికి ఐదు స్పెల్లింగులు,
దొర చెవికి ఎలా వినబడితే అలా.

మొన్న ఒకటి దొరికింది:
"ఆలివ్ రిడ్లీ తాబేలు, ఆడది. గూట్లో నూట ఏడు గుడ్లు.
డోట్సెకోపేకు తూర్పున రెండు మైళ్ళు. నవంబరు, 1953."
ఏ పటంలోనూ డోట్సెకోపే లేదు.
దూరాన చల్లటి గదుల్లో ఉండే పెద్ద సర్వర్లకు
అదొక అచ్చుతప్పు.
అందుకే ఆ తాబేలు ఇన్నేళ్ళూ
రెయిన్‌డీర్ల మధ్య ఈదుతోంది.

చేపలకు పొగబెడుతున్న మామా ఆకోసివాను అడిగాను.
ఆమె విసనకర్ర ఆపలేదు.
గడ్డంతోనే సముద్రాన్ని చూపించింది.
"ఆ తెల్లటి అల విరుగుతోందే, అక్కడ మా అమ్మ వంటిల్లు.
అవతల కొబ్బరితోట.
మూడుసార్లు వెనక్కి జరిగాం.
నాలుగోసారి
ఊరి పేరు మోసుకురావడం మరిచాం."

ఇసుకలో నిలబడి, లెక్కగట్టి, చుక్క పెట్టాను.
వెంటనే తెర ఎర్రబడింది:
ఇసుకలో పెట్టే గూడు నీళ్ళలో ఉంది. తప్పు.
తొలగించాలా?

వేలు మీట మీదే ఉంది. కరెంటు కూడా ఉంది.
ఒక్క నొక్కు చాలు, పట్టిక శుభ్రం.

తప్పు కాదు, అప్పుడది నేల,
అని పక్కగడిలో రాశాను.

తర్వాత వెతకడం మొదలుపెట్టాను అలాంటి "తప్పుల" కోసం.
1961లో ఎవరో పీతల బొరియలు లెక్కపెట్టారు,
ఇప్పుడక్కడ మనిషి లోతు నీళ్ళు.
1974లో ఒక బడిపంతులు
ఆదివారాలు సముద్రపు పిట్టలను ఎంచాడు,
పిట్టలు రాని ఆదివారం సున్నా అని రాశాడు,
ఖాళీ వదల్లేదు. ఆయనకు దణ్ణం.
లోమే నుంచి, కోటోను నుంచి
ఫ్రెంచిలో రాసిన వరసలు వచ్చి కలిశాయి.
తాబేళ్ళకు సరిహద్దు చౌకీలు తెలియవు కదా,
ఇన్నాళ్ళూ మా పట్టికలకే తెలుసు.

అన్నీ ఒకదాని పక్కన ఒకటి పెడితే
తీరం
ఏడాదికింత అని వెనక్కి నడవడం కనిపించింది.
సముద్రాన్ని కొలుద్దామని వీళ్ళలో ఎవరూ అనుకోలేదు.
ఒకరు గుడ్లు లెక్కపెట్టారు, ఒకరు పీతలు,
చేతులకు ఇసుక అంటుకునే ఉండి ఉంటుంది.

ఏట్లో పారేసినా ఎంచి పారెయ్యాలంటారు.
సముద్రం ఎంచకుండానే తీసుకుంది.
ఆ లెక్క ఆలస్యంగా
మేం రాస్తున్నాం.

ఈ సాయంత్రం సున్నా దగ్గర
ఒక తాబేలు తగ్గింది.
రెయిన్‌డీర్లు ఇంకా ఈదుతూనే ఉన్నాయి పన్నెండూ.
వాటి ఊరు నాకు తెలియదు.
అక్కడా ఎవరో ఒక ముసలామె
మంచులో చేపలు ఎండబెడుతూ ఉండాలి,
ఎవరైనా వచ్చి అడిగితే
గడ్డంతో చూపిద్దామని.